బోడిగుండుకీ మోకాలికీ

సంబంధం లేని రెండు విషయాల్ని కలిపి మాట్లాడితే మన పెద్దవాళ్ళు ‘బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టకురా’ అంటారు. మా అమ్మ నిజంగానే పెట్టింది. 2019 జనవరిలో నన్ను ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్తుంటే స్ట్రెచర్ పక్కనే నడుస్తూ, ‘వీడి మోకాలు బాగైతే ఇద్దరం అలిపిరి నుంచి నడిచి వస్తాం, వీడి తలనీలాలు ఇచ్చుకుంటాం స్వామీ’ అని మొక్కేసుకుంది.

మొక్కింది ఆవిడ, గుండు నాది. సరే, అదేమంత పెద్ద సమస్య కాదు. జుట్టు మళ్ళీ వస్తుంది. రానిది మోకాలి గుజ్జే.

ఆ మొక్కు తీరడానికి ఆరేళ్ళు పట్టింది. తప్పు దేవుడిది కాదు, డాక్టర్‌ది అసలే కాదు.

బీటెక్ ఫైనలియర్‌లో హాస్టల్ గ్రౌండ్‌లో వాలీబాల్ ఆడుతున్నాం. స్మాష్ కొట్టి కిందికి దిగాను. కుడి పాదం నేలకి అతుక్కుపోయినట్టు ఆగింది, ఒళ్ళు మాత్రం అటు తిరిగింది. లోపల ‘టక్’ మంది. పక్కనున్నవాడికి కూడా వినిపించిందట. పది రోజులు క్రేప్ బ్యాండేజీ, స్ప్రే, ఫ్రెండ్స్ సలహాలు. ఆ తర్వాత ఒకరోజు క్లాసులో బెంచీ మీంచి లేస్తే మోకాలు సగంలో ఇరుక్కుపోయింది. చాపలేను, ముడవలేను. అప్పుడు గానీ ఎమ్మారై తీయించలేదు.

తొడ ఎముక కింది చివర, లోపలి వైపు, కార్టిలేజ్ ముక్క ఒకటి ఊడిపోయి కీలులో తిరుగుతోంది. అది ఊడిన చోట ఎముక దాకా గుంత పడింది. ఎంత గుంత అని నాన్న అడిగితే డాక్టర్ కాసేపు ఆలోచించి ‘చింతగింజంత’ అన్నారు. నాన్న ఊపిరి పీల్చుకున్నారు. చింతగింజంతే కదా!

మనం కార్టిలేజ్‌ని గుజ్జు అంటాం. ‘ఆవిడకి మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందంట’ అనే మాట వినని ఇల్లు ఉండదు. ఆ మాట వల్ల నాకు చిన్నప్పట్నుంచీ అదేదో మామిడిపండు గుజ్జులా ఉంటుందని ఊహ. కాదు. చికెన్ లెగ్ పీస్ తినేటప్పుడు ఎముక చివర తెల్లగా, నున్నగా, కాస్త నీలంగా మెరుస్తూ ఒక పొర కనిపిస్తుంది చూడండి, అదే ఇది. మన మోకాల్లో దాని మందం మామూలుగా రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు. ఒళ్ళంతటి బరువునీ మోస్తూ ఎముకల్ని ఒకదాని మీద ఒకటి జారేలా చేసేది ఆ పల్చటి పొరే.

దానికి రెండు విచిత్రాలున్నాయి. ఒకటి, అందులో రక్తనాళాలు లేవు. వేలు తెగితే వారంలో మానుతుంది, చెయ్యి విరిగితే కట్టు కట్టాక అతుక్కుంటుంది, ఎందుకంటే రక్తం అక్కడికి వెళ్ళి రిపేరు చేస్తుంది. ఈ పొరకి ఆ సదుపాయం లేదు. పోయిన గుజ్జు తిరిగి రాదని 1743లోనే లండన్‌లో విలియం హంటర్ అనే వైద్యుడు రాసిపెట్టాడు. రెండోది ఇంకా ప్రమాదం. అందులో నరాలు కూడా లేవు. అరుగుతున్నంతసేపూ అరుగుతున్నట్టు తెలియదు. నొప్పి మొదలయ్యేసరికి వ్యవహారం చుట్టుపక్కల పొరకో, కింది ఎముకకో పాకి ఉంటుంది. మా భాషలో చెప్పాలంటే ఎర్రర్ లాగ్ రాయని ప్రోగ్రామ్. క్రాష్ అయ్యేదాకా అంతా బాగానే ఉన్నట్టుంటుంది.

నాకు చేసిన ఆపరేషన్ పేరు మైక్రోఫ్రాక్చర్. పేరు వినగానే అమ్మ ‘ఉన్నది చాలక మళ్ళీ విరగ్గొడతారా’ అని భయపడింది. ఒక రకంగా అంతే. గుంత అడుగున ఉన్న ఎముకలో సన్నటి చిల్లులు పొడుస్తారు. ఎముక మజ్జలోంచి రక్తం ఊరి, ఆ గుంతలో గడ్డకడుతుంది. నెలల మీద ఆ గడ్డే గట్టిపడి కొత్త పొరగా మారుతుంది. అమెరికాలోని కొలరాడోలో రిచర్డ్ స్టెడ్‌మన్ అనే సర్జన్ 1980ల్లో ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. చిన్న గుంతలకి పనికొచ్చే పద్ధతి. కాకపోతే వచ్చే కొత్త పొర పాతదానిలాంటిది కాదు. కాస్త గరుకుగా, నారనారగా ఉంటుంది, అంత మన్నిక ఉండదు. అమ్మ టైలర్ కాబట్టి ఆవిడకి తొందరగా అర్థమైంది. ‘పట్టుచీరకి నూలుగుడ్డతో మాసిక వేసినట్టన్నమాట’ అంది. డాక్టర్‌కి ఆ పోలిక బాగా నచ్చింది.

ఆయన ఇంకా చాలా చెప్పారు. ఆరువారాలు ఆ కాలు మీద బరువు మోపొద్దన్నారు. తొమ్మిది నెలల పాటు ఫిజియోథెరపీ అన్నారు. చాలామందికి మొదటి రెండు మూడేళ్ళు బాగుంటుంది, ఐదేళ్ళు దాటాక కొందరిలో ఆ మాసిక పాడవుతుంది కాబట్టి తొడ కండరం, ఒంటి బరువు జీవితాంతం చూసుకోవాలన్నారు. ఇవన్నీ నాకు ఇప్పుడు గుర్తున్నాయి. అప్పుడు నా చెవికెక్కింది ఒక్కటే: ‘నెలన్నరలో కర్రలు వదిలేస్తావు.’

కర్రలు వదిలేశాను. పరీక్షలు రాశాను. మూడు నెలలు ఫిజియోకి వెళ్ళాను. ఇన్సూరెన్స్ వాళ్ళు ఆపరేషన్‌కి డబ్బులిచ్చారు గానీ ఫిజియోకి ఇవ్వలేదు. ఒక్కో సిట్టింగ్‌కీ నాన్న జేబులోంచి ఐదొందలు వెళ్తుంటే నొప్పి లేని కాలుకి ఈ ఖర్చెందుకు అనిపించింది. జూలైలో హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాలి, షాపింగ్ చెయ్యాలి, ఫేర్‌వెల్‌లో స్టెప్పులెయ్యాలి. మానేశాను. ఎవరైనా అడిగితే ‘ఆపరేషన్ సక్సెస్’ అని చెప్పేవాణ్ణి. అమ్మ మాత్రం అప్పుడప్పుడూ ఫోన్‌లో ‘కొండకెప్పుడు పోదాం’ అనేది. ‘ప్రాజెక్ట్ అయిపోనీ అమ్మా’ అనేవాణ్ణి. ప్రాజెక్టులు ఎప్పుడైనా అయిపోతాయా?

ఇక్కడే నా అసలు తప్పు ఉంది. మోకాలంటే బండి టైరు లాంటిదని నా నమ్మకం. ఎంత తిరిగితే అంత అరుగుతుంది కాబట్టి తిప్పకుండా ఉంచితే ఎక్కువ కాలం వస్తుందని. కాబట్టి దాచుకున్నాను. లిఫ్ట్ ఉంటే మెట్లెక్కలేదు. వీధి చివరి కొట్టుకి కూడా బండి మీదే. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక ఇక చెప్పేదేముంది, తెనాలిలో మా ఇంట్లో మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని రెండేళ్ళు కూర్చున్నాను. అమ్మ చేతి పెసరట్లు, సాయంత్రం పునుగులు. 68 కిలోలవాణ్ణి 84 అయ్యాను. మోకాలు మాత్రం నొప్పి లేదు కాబట్టి భద్రంగా ఉందనుకున్నాను. నరాలు లేని పొర నొప్పి పెట్టదని చెప్పాను కదా. అప్పుడు నాకు గుర్తు రాలేదు.

2023లో హైదరాబాద్ తిరిగొచ్చాక ఆఫీసు వాళ్ళంతా ఒక శుక్రవారం రాత్రి బాక్స్ క్రికెట్ అన్నారు. రెండు ఓవర్లు వేశాను, పది పన్నెండు సింగిల్స్ పరిగెత్తాను. మర్నాడు పొద్దున్న మోకాలు బొప్పాయిలా ఉంది. మూడు రోజులకి తగ్గింది. కానీ ఆ తర్వాత మెట్రో స్టేషన్ మెట్లు దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు కాదు, సరిగ్గా దిగేటప్పుడు, చిప్ప వెనక ఎవరో గరిటెతో గోకినట్టు ఉండేది. మళ్ళీ ఎమ్మారై. మాసిక పూర్తిగా పోలేదు గానీ పల్చబడింది, అంచుల్లో గరుకుదేలింది.

డాక్టర్ రెండో ఆపరేషన్ గురించి కూడా చెప్పారు. మన గుజ్జు కణాలే కొన్ని తీసి, ల్యాబ్‌లో పెంచి, మళ్ళీ గుంతలో పెట్టే పద్ధతి ఒకటుంది. 1994లో స్వీడన్ డాక్టర్లు దాని ఫలితాల్ని మొదట ప్రకటించారు, ఇప్పుడు మన దేశంలోనూ చేస్తున్నారు. నేను ఉత్సాహంగా ‘ఎప్పుడు చేద్దాం సర్’ అన్నాను. కొత్త వెర్షన్ రిలీజైతే అప్‌డేట్ చేసుకోవడమే కదా మన అలవాటు. ఆయన నా రెండు తొడలూ చూసి, ‘ముందు ఈ కాలుతో ఆర్నెల్లు కష్టపడి రా. అప్పటికీ ఇలాగే ఉంటే మాట్లాడదాం’ అని కింది ఫ్లోర్‌కి పంపించారు.

కింది ఫ్లోర్‌లో ఉన్న ఫిజియోథెరపిస్ట్ వరంగల్ ఆవిడ. టేపు తీసుకుని చిప్పకి పది సెంటీమీటర్ల పైన రెండు తొడలూ కొలిచింది. ఎడమది 49 సెంటీమీటర్లు, కుడిది 46. నాలుగేళ్ళుగా ఒక కాలు ఇంకో కాలు కన్నా సన్నగా ఉందని నేను గమనించనేలేదు. రోజూ ప్యాంట్లు వేసుకునేది నేనే!

‘ఆపరేషన్ మంచిగనే చేసిండ్రు సర్. మీరే మధ్యల ఇడిసిపెట్టిండ్రు’ అంది.

నా టైరు థియరీ చెప్పాను. నవ్వలేదు. టేబుల్ మీద గిన్నెలు తుడిచే స్పాంజి ఒకటి ఉంటే తీసి చూపించింది. గుజ్జుకి రక్తం రాదు, మరి తిండి ఎక్కణ్ణుంచి వస్తుంది? కీలులో నూనెలాంటి ద్రవం ఉంటుంది, దాంట్లోంచి. అడుగు వేసినప్పుడు ఆ పొర నొక్కుకుని లోపలి నీటిని వదులుతుంది, అడుగు తీసినప్పుడు మళ్ళీ పీల్చుకుంటుంది. నొక్కడం, వదలడం. అదే దాని భోజనం. నెలల తరబడి కాలు కదపకుండా కూర్చుంటే అది రెస్ట్ కాదు, పస్తు. అలాగని పస్తున్న మనిషికి ఒక్కసారిగా పెళ్ళిభోజనం పెట్టినట్టు శుక్రవారం రాత్రి క్రికెట్ ఆడకూడదు. అన్నిటికన్నా ముందు తొడ ముందరి కండరం. అడుగు పడ్డప్పుడు వచ్చే దెబ్బని అది సగంలో అందుకోవాలి. అది సన్నబడితే ఆ దెబ్బంతా మాసిక మీదే. పైగా మోకాల్లో నీరు చేరితే ఆ కండరం సరిగ్గా బిగుసుకోదు, నరాల నుంచి వచ్చే ఆదేశమే తగ్గిపోతుంది. వాపు వల్ల బలం తగ్గుతుంది, బలం తగ్గితే మళ్ళీ వాపు. నా నాలుగేళ్ళు ఆ గానుగలోనే తిరిగాయి.

మొదటి నెల వ్యాయామాలు చూస్తే మీకు నవ్వొస్తుంది. మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టి తొడ బిగించడం. పడుకుని కాలు తిన్నగా ఎత్తడం, పది అంకెలు లెక్కపెట్టి దించడం. జిమ్‌లో పక్కవాడు వంద కిలోలు లేపుతుంటే నేను నా కాలు నేనే లేపుకుంటున్నాను, అదీ వణుకుతూ. ఆ తర్వాత ఊరికే తిరిగే సైకిల్. ఆ తర్వాత పది సెంటీమీటర్ల పీట మీంచి ఒక కాలుతో మెల్లగా దిగడం. ఆవిడ పెట్టిన రూలు ఒక్కటే: ఈ రోజు ఎంత చేశావన్నది కాదు, రేపు పొద్దున్న మోకాలు ఏమంటుందన్నదే రిపోర్టు. చిప్పకి రెండు పక్కలా చిన్న గుంటలుంటాయి. పొద్దున్నే అవి కనిపిస్తే ముందుకెళ్ళు, నిండిపోతే ఒక మెట్టు వెనక్కి.

ఈ సమయంలో నాకొచ్చిన సలహాలు రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది. మేనత్త నల్లేరు పచ్చడి పంపింది. పచ్చడి బాగుంది, అన్నంలో నెయ్యేసుకుని రెండ్రోజుల్లో ఖాళీ చేశాను. మోకాలికి ఏం జరిగిందో తెలీదు. డాలస్ బాబాయ్ గ్లూకోజమిన్ మాత్రలు మూడు డబ్బాలు మోసుకొచ్చారు. వాటి మీద అమెరికాలో 1,583 మంది మోకాలి నొప్పి ఉన్నవాళ్ళతో పెద్ద పరీక్ష చేసి 2006లో ఫలితాలు ప్రకటించారు. మొత్తం మీద చూస్తే ఉత్తుత్తి మాత్రలకన్నా చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఆ మాట బాబాయ్‌కి చెప్పలేదు. అంత దూరం నుంచి తెచ్చారు కదా పాపం. మేకకాళ్ళ సూప్ గురించి మాత్రం నేనెవరితోనూ వాదించను, ఆదివారం కావాలి.

బరువు సంగతి మాత్రం నిజంగా లెక్కే. మోకాళ్ళ అరుగుదల ఉన్న లావుపాటి పెద్దవాళ్ళ మీద 2005లో చేసిన అధ్యయనం ఒకటుంది. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద పడే భారం నాలుగు కిలోలు తగ్గిందని తేలింది. ఇంకో చోట కృత్రిమ మోకాలి కీలులోనే సెన్సార్లు పెట్టి కొలిచారు. మామూలు నడకలో ఒంటి బరువుకి రెండున్నర రెట్లు, మెట్లెక్కేటప్పుడు మూడు రెట్ల పైన, దిగేటప్పుడు ఇంకాస్త ఎక్కువ. నేను కూర్చుని స్ప్రెడ్‌షీట్ వేశాను. అలిపిరి మెట్లు 3,550. ఒక్కో కాలుకి 1,775. నా 84 కిలోలకి మూడు రెట్లు చొప్పున వేసుకున్నా కుడి మోకాలి మీద మొత్తం 447 టన్నులు. ఫిజియో ఆవిడకి చూపించాను. ‘అట్ల కలపొద్దు సర్, మీరు లారీ కాదు’ అంది. నిజమే, మధ్య మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకునే స్పాంజికి టన్నుల కూడిక వర్తించదు. కానీ ఆ 447 చూశాక పునుగులు తగ్గించాను. పద్నాలుగు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను.

2024 సంక్రాంతికి ఇంటికెళ్ళాను. పక్కగదిలో పడుకుని వింటుంటే అమ్మ కుట్టుమిషన్ చప్పుడు తేడాగా ఉంది. చిన్నప్పట్నుంచీ ఆ చప్పుడు వింటూనే నిద్రపోయినవాణ్ణి. రెండు పాదాల లయ అది, ఆగకుండా సాగేది. ఇప్పుడు మధ్యలో కుంటుతోంది. వెళ్ళి చూస్తే ఎడమ కాలుతో మాత్రమే తొక్కుతోంది. కుడి కాలు పక్కన చాపి పెట్టుకుంది. తర్వాత గమనిస్తే అరుగు మీంచి దిగేటప్పుడు గోడ పట్టుకుని పక్కకి తిరిగి దిగుతోంది. మిషన్ సొరుగులో దారపు రీళ్ళ మధ్య నొప్పి మాత్రల షీటు.

‘ఎప్పట్నుంచి?’ అన్నాను.

‘ఏమో, కరోనా ముందు నుంచే కాస్త కాస్త ఉంది. మనిషన్నాక ఉండవా?’

‘నాకెందుకు చెప్పలేదు?’

‘నీదే అంతంత మాత్రంగా ఉందిగా నాన్నా, ఇంకా నాదెక్కడ చెప్పను?’

ఎక్స్‌రే తీయిస్తే రెండు ఎముకల మధ్య ఉండాల్సిన ఖాళీ ఒక పక్క దాదాపు లేదు. ఇప్పుడే కీలు మార్పిడి అక్కర్లేదు, వ్యాయామాలు చేసి బరువు చూసుకుంటే కొన్నేళ్ళు నెట్టుకురావచ్చన్నారు. ‘తిరుపతికి నడిచి వెళ్ళాలి డాక్టర్ గారూ, మొక్కుంది’ అంది అమ్మ. ఆయన చాలా మర్యాదగా ‘బస్సుందిగా అమ్మా’ అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఇద్దరం మాట్లాడుకోలేదు. నేను మాత్రం లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. డాక్టర్ చెప్పినట్టు తొమ్మిది నెలలు ఆ ఫిజియో చేసి ఉంటే 2019 దసరా నాటికి మేమిద్దరం కొండెక్కి ఉండేవాళ్ళం. అప్పటికి అమ్మ రెండు కాళ్ళతోనూ మిషన్ తొక్కుతోంది. రోజుకి ఐదొందలు మిగిలించి నేను పోగొట్టిందేంటో ఆ ఆటోలో అర్థమైంది.

మిషన్‌కి మోటార్ పెట్టించాను. ఆవిడకి నచ్చలేదు, ‘చెయ్యి మాట వినదు, బాణంలా పోతోంది’ అని ఒక వారం సణిగింది. ఆ వారంలోనే జీన్స్ ప్యాంట్ల ముక్కలతో నాకు చీలమండకి కట్టుకునే బరువుల సంచులు కుట్టింది. ఫిజియో ఆవిడ చెప్పినవి ఆన్‌లైన్‌లో పన్నెండొందలున్నాయని పొరపాటున అన్నాను. అర కిలోవి రెండు, కిలోవి రెండు, లోపల సోనామసూరి బియ్యం. ఇసకైతే కారుతుందట. బియ్యమైతే అవసరానికి వండుకోవచ్చట. తనకీ ఒక జత కుట్టుకుంది. రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్. ఫోన్ నీళ్ళచెంబుకి ఆనించి ఆవిడ తెనాలిలో మంచం మీద, నేను కొండాపూర్‌లో చాప మీద. ‘ఒకటి... రెండు... ఒరే, నీ కాలు వంగుతోంది, తిన్నగా పెట్టు.’ నాన్న వెనకనించి వచ్చి ఫోన్‌లోకి తొంగిచూసి ‘ఇద్దరికిద్దరూ’ అని వెళ్ళిపోయేవారు.

మధ్యలో ఒక పెళ్ళిచూపులు కూడా జరిగాయి. మోకాలి సంగతి ఎత్తొద్దని ఇంట్లో అందరూ మరీ మరీ చెప్పారు. అమ్మాయితో మాట్లాడమని పంపిన పది నిమిషాల్లో నేను చెప్పింది అదొక్కటే. దాచిపెడితే రేపు పీటల మీద రెండు గంటలు బాసింపట్టు వేసుకుని కూర్చోలేక అక్కడే బయటపడతాను కదా. ఆ అమ్మాయి ‘మా డాడీకి ఎసిఎల్ అయింది. కుర్చీలేసి చేస్తున్నారుగా ఇప్పుడు’ అంది. సంబంధం కుదర్లేదు. జాతకాల వల్ల, మోకాలి వల్ల కాదు.

కొండకి వెళ్ళే ముందు మూడు నెలలు మా అపార్ట్‌మెంట్‌లో ప్రాక్టీస్ చేశాను. ఎనిమిది ఫ్లోర్లు మెట్ల మీద ఎక్కడం, లిఫ్ట్‌లో దిగడం, మళ్ళీ ఎక్కడం. వాచ్‌మన్‌కి ఈ మనిషి దేనికోసం వెతుకుతున్నాడో చాలా రోజులు అర్థం కాలేదు. కొండ మీద చెప్పుల్లేకుండా నడవాలి కాబట్టి చివరి నెల ఒట్టి కాళ్ళతోనే. ఎక్కడానికి ఫిజియో ఆవిడ ఒప్పుకుంది. దిగడం మాత్రం బస్సులోనే అని ప్రమాణం చేయించుకుంది.

ఈ ఫిబ్రవరిలో వెళ్ళాం. అమ్మా నాన్నా బస్సులో పైకి, నేనూ చెల్లీ అలిపిరిలో. బయల్దేరేముందు అమ్మ ‘నా మెట్లు కూడా నీ లెక్కలో వేసుకో’ అంది. నేను టన్నుల లెక్క తీయబోయి ఊరుకున్నాను.

ఇంకా చీకటిగా ఉండగానే మొదలుపెట్టాం. ముందే ఎవరో మెట్టుమెట్టుకీ పసుపు, కుంకుమ పెట్టుకుంటూ వెళ్ళారు, మా అరికాళ్ళన్నీ ఎర్రబడ్డాయి. మొదటి రెండు వేల మెట్లే కష్టం. గాలిగోపురం దాకా ఊపిరాడనివ్వవు. ప్రతి వంద మెట్లకీ నిమిషం ఆగాను. పన్నెండేళ్ళ పిల్లలు, డెబ్భై ఏళ్ళ అవ్వలు నన్ను దాటి వెళ్ళిపోయారు. ఒక అవ్వ అయితే ‘ఏంది నాయనా, వయసు పిలగాడివి’ అని నా భుజం తట్టి మరీ వెళ్ళింది. ఏం చెప్పను ఆవిడకి? గాలిగోపురం దగ్గర కారం చల్లిన కీరా ముక్కలు తిని, చిప్ప పక్క గుంటలు తడిమి చూసుకున్నాను. ఉన్నాయి.

అక్కణ్ణుంచి చాలా దూరం దారి చదునుగానే ఉంటుంది. జింకల పార్కు దాటాక, ఇక వచ్చేశాం అనుకునేటప్పుడు మోకాళ్ళ మెట్టు వస్తుంది. కొండ మీద పాదం మోపకూడదని రామానుజాచార్యులవారు ఇక్కడ మోకాళ్ళ మీద ఎక్కారని చెబుతారు. ఇప్పటికీ కొందరు అలాగే ఎక్కుతారు. మా ముందు ఒక నడివయసు ఆవిడ మోకాళ్ళకి తువ్వాళ్ళు చుట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. నాకు ఫిజియో ఆవిడ గుర్తొచ్చింది. ఏదో అనబోయాను. చెల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుని ‘నువ్వు నోరు మూసుకుని ఎక్కన్నయ్యా’ అంది. ఎక్కాను. ఆ నిట్టనిలువు మెట్ల మీద కుడి తొడ వణికింది గానీ మోకాలు గోకలేదు.

మొత్తం ఐదున్నర గంటలు పట్టింది. మెట్ల చివర అమ్మ ఒక గట్టు మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేవబోయి, గట్టు పట్టుకుని, ఆగి లేచింది. మొహం వైపు చూడలేదు. ప్యాంటు పైకి లాగి మోకాలు చూసింది. తర్వాత కల్యాణకట్టలో గుండు, సాయంత్రం దర్శనం. లోపల ఏం కోరుకుందో అడగలేదు.

మర్నాడు పొద్దున్న గదిలో లేచీ లేవగానే చెయ్యి తల మీదికి పోలేదు, మోకాలి మీదికి పోయింది. కాస్త వెచ్చగా ఉంది. గుంటలు రెండూ కనిపిస్తున్నాయి. ఇంకో నాలుగేళ్ళకి ఆ మాసిక ఎలా ఉంటుందో నాకు తెలీదు, నలభై ఏళ్ళకే అరుగుదల రావచ్చని డాక్టర్ దాచకుండా చెప్పారు. ఆ రోజుకి మాత్రం నీరు చేరలేదు.

అటు తిరిగి చూస్తే అమ్మ బ్యాగులోంచి బియ్యం సంచులు తీస్తోంది. కొండ మీదికి కూడా తెచ్చింది!

‘ఈ రోజు రెస్ట్ అమ్మా. నిన్ననేగా అన్ని మెట్లెక్కింది.’

‘నువ్వెక్కావు, నీకు రెస్టు. నేను బస్సులో వచ్చాగా’ అంది. మంచం మీద వెనక్కి వాలి, సంచి కుడికాలికి కట్టుకుని, ‘లెక్కపెట్టు’ అంది.